వాకీటాకీ: బటన్ నొక్కగానే మాట్లాడేయకండి

మీరు అడిగింది ఇదీ కదా: పదిహేను మంది ట్రెక్కింగ్‌కి వెళ్తున్నారు, ఆరు వాకీటాకీలు ఉన్నాయి, ఎవరికీ అలవాటు లేదు. ఎలా వాడాలి, రేడియేషన్ భయం ఉందా, డబ్బా మీద రాసినంత దూరం నిజంగా వినపడుతుందా అని. నేను ఏడేళ్లు క్రేన్ దగ్గర సిగ్నల్ ఇచ్చే పని చేశాను, రోజంతా సెట్టు భుజానికే ఉండేది, ఇప్పుడు సెలవుల్లో కొండలెక్కుతుంటాను కూడా, కాబట్టి ఈ విషయంలో చేసిన తప్పులు నా దగ్గర బాగానే ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద తప్పు మొదట చెప్తాను. ఒకరోజు కాంక్రీట్ స్లాబు దింపుతున్నాం. పైన కూర్చున్న ఆపరేటర్‌కి కింద ఏమీ కనపడదు, నేను చెప్పిందే అతనికి ఆధారం. ఇంకా ఎన్ని సెంటీమీటర్లు ఉందో చెప్తున్నాను. బటన్ నొక్కి ‘అరవై’ అన్నాను, వదిలాను. కాసేపాగి మళ్లీ నొక్కి ‘ఇరవై’ అన్నాను. అతనికి రెండుసార్లూ ‘...రవై’ అనే వినపడింది. అదే అంకె ఇంకోసారి చెప్తున్నాననుకుని అదే స్పీడులో దించాడు, స్లాబు ధడేల్మని కూర్చుంది. మనుషులంతా దూరంగా ఉన్నారు కాబట్టి ఒక మూల పెచ్చు ఊడటంతో సరిపోయింది, లేకపోతే ఇవాళ ఈ జవాబు రాసే ఓపిక నాకు ఉండేది కాదు.

ఎందుకలా జరిగిందంటే, బటన్ నొక్కిన క్షణానికే మాట అవతలికి చేరదు. మన సెట్టు సిగ్నల్ పంపడం మొదలుపెట్టాలి. అవతలి సెట్టు బ్యాటరీ ఆదా కోసం కునుకు తీస్తూ మధ్యమధ్యలో లేచి చూస్తుంటుంది, అది పూర్తిగా లేవాలి. టోన్ కోడ్ (మాటతో పాటు సెట్టు పంపే సన్నని గుర్తు శబ్దం) పెట్టుకుంటే ఆ టోన్‌ని గుర్తుపట్టాలి. మధ్యలో రిపీటర్, అంటే సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే పరికరం ఉంటే దానికి ఇంకొంచెం టైం. ఇదంతా కలిపి అర సెకను, ఒక్కోసారి సెకను. ఆ లోపు మీరు అన్నదంతా గాలిలో కలిసిపోతుంది. కాబట్టి బటన్ నొక్కి, మనసులో ‘ఒకటి’ అనుకుని అప్పుడు నోరు తెరవండి. డిజిటల్ సెట్టయితే నొక్కాక చిన్న బీప్ వస్తుంది, అది వినపడ్డాకే మాట్లాడాలి.

వదిలేటప్పుడు కూడా అంతే, ఇక్కడ మన తెలుగుకి ఒక ప్రత్యేకమైన తంటా ఉంది. మనకి కాదు, వద్దు అనేవి మాట చివర్లో వస్తాయి. ‘దించొద్దు’ అంటూ తొందరపడి బటన్ వదిలారనుకోండి, అవతల వినపడేది ‘దించు’. ‘కిందికి రావొద్దు’ సగంలో తెగితే ‘కిందికి రా’ అవుతుంది. అందుకే మేము సైట్లో ‘వద్దు’ అనే మాటే మానేశాం. ఆపాలంటే ‘ఆపు, ఆపు, ఆపు’. మీరు కూడా ‘రావొద్దు’ బదులు ‘అక్కడే ఉండండి’ అనండి, ఎక్కడ తెగినా అర్థం తిరగబడదు. అంకెలు విడివిడిగా చెప్పండి, ఇరవైని ‘రెండు, సున్నా’ అని. పైలట్లు నైన్‌ని ‘నైనర్’ అనేది కూడా ఇలాంటి గందరగోళం రాకూడదనే.

విన్నవాళ్లు విన్నది తిరిగి చెప్పడం రెండో అలవాటు. ‘రోజర్’ అంటే సరే చేస్తాను అని చాలామంది అనుకుంటారు. కాదు, వినపడింది అని మాత్రమే. చేస్తాను అనడానికి ‘విల్కో’ అనే వేరే మాట ఉంది. సరదాగా అనే ‘ఓవర్ అండ్ అవుట్’ అయితే అసలు అర్థమే లేనిది: ఓవర్ అంటే ఇక నువ్వు చెప్పు, అవుట్ అంటే మాటలు అయిపోయాయి, జవాబు అక్కర్లేదు, రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? ఈ ఇంగ్లీషు మాటలన్నీ బట్టీ పట్టాల్సిన పని లేదు గానీ వాడేవాటి అర్థం ఆరుగురికీ ఒకటే ఉండాలి. ఎవరిని పిలుస్తున్నారో వాళ్ల పేరు ముందు, మీ పేరు తర్వాత: ‘స్వీప్, స్వీప్, లీడ్ మాట్లాడుతున్నా, ఓవర్’ (లీడ్ అంటే గుంపులో అందరికన్నా ముందు నడిచేవాళ్లు, స్వీప్ అంటే అందరికన్నా వెనక వచ్చేవాళ్లు). పేరు వినపడగానే అవతలివాళ్లు చెవి ఇస్తారు, మీరు ఎవరన్నది తర్వాత తెలిసినా నష్టం లేదు.

సెట్టు నోటికి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో కాస్త పక్కకి పట్టుకోండి. మామూలు గొంతు చాలు. దూరం కదా అని అరిస్తే ఎక్కువ దూరం పోదు, మాట పగిలి ఇంకా అర్థం కాకుండా పోతుంది. గాలి విసురుగా ఉంటే దానికి వీపు పెట్టి మాట్లాడండి.

ఒకళ్లు బటన్ నొక్కి ఉంచితే ఆ ఛానెల్లో మిగతావాళ్లు ఏమీ చెప్పలేరు. ఒకసారి నేను సెట్టుని జేబులో పెట్టుకుని కూర్చుంటే బటన్ ఒత్తుకుపోయింది, మా ఇంజినీర్ గురించి పక్కవాడితో నేను చెప్పుకున్న కష్టసుఖాలన్నీ ఆ ఇంజినీర్‌తో సహా సైటంతా వింది. నవ్వుకోవడానికి బాగుంది గానీ ఆ కొద్ది నిమిషాల్లో ఎవరికైనా ప్రమాదం జరిగుంటే చెప్పే దారి లేదు. సెట్టులో టైమ్ అవుట్ అనే సెట్టింగ్ ఉంటే 60 సెకన్లకి పెట్టండి, బటన్ ఇరుక్కుపోయినా అదే ఆగిపోతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ ఒక్కటే వినపడుతుంది, లేకపోతే ఉత్త కీచు శబ్దం. తన మాట పోలేదని మాట్లాడినవాళ్లకి తెలియను కూడా తెలియదు. అందుకే తిరిగి చెప్పించుకోమన్నది.

ఇక దూరం. డబ్బా మీద రాసేది ఒక శిఖరం మీద నుంచి ఇంకో శిఖరానికి, మధ్యలో ఏ అడ్డూ లేనప్పటి మాట. చదును నేల మీద నిలబడ్డ ఇద్దరి మధ్య భూమి వంపు వల్లే దాదాపు 10 కిలోమీటర్లకి హద్దు వచ్చేస్తుంది, చెట్లూ గుట్టలూ ఉంటే అందులో ఎన్నో వంతుకి పడిపోతుందో లెక్క లేదు, ఒక్కోసారి మలుపు తిరిగితే చాలు మాట పోతుంది. సెట్టు పవర్ పెంచడం కన్నా పది అడుగులు పైకెక్కడం ఎక్కువ పనిచేస్తుంది. యాంటెన్నా నిలువుగా ఉంచండి, దాన్ని చేత్తో పట్టుకుని సెట్టు మోయకండి. లోయ వచ్చినచోట ఒకళ్లని గట్టు మీద నిలబెట్టి అటు మాట ఇటు చెప్పించుకోండి. యాంటెన్నా ఊడిపోయిన సెట్టులో బటన్ మాత్రం నొక్కకండి, లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

రేడియేషన్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ఇది ఎక్స్‌రే లాంటిది కాదు, మరీ దగ్గరగా ఎక్కువసేపు ఉంటే శరీరాన్ని వేడెక్కించేది, అంతే. మాన్యువల్స్‌లో సాధారణంగా చెప్పేది: ముఖానికి కనీసం 2.5 సెంటీమీటర్ల దూరం, మొత్తం టైంలో సగానికి మించి మాట్లాడకుండా ఉండటం. మాట్లాడుతుండగా యాంటెన్నా ఒంటికి, ముఖ్యంగా కంటికి తగలనివ్వకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మీలో ఉంటే సెట్టు వాళ్లకి ఇవ్వకండి, ఇవ్వాల్సి వస్తే డాక్టర్‌ని అడిగి.

నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. దారిలో క్వారీ ఉండి, పేలుళ్లు జరుగుతున్నాయి, రేడియోలు ఆపండి అని బోర్డు కనపడితే మారు మాట్లాడకుండా ఆపేయండి, కరెంటుతో పేలే డిటొనేటర్ల వైర్లు రేడియో తరంగాలని పట్టుకోగలవు. గ్యాస్ గానీ పెట్రోల్ ఆవిరి గానీ ఉన్నచోట మామూలు సెట్టు వాడకూడదు, అక్కడ బ్యాటరీ మార్చడం అసలే వద్దు. విడి బ్యాటరీని తాళాలతో పాటు ఒకే జేబులో పడేయకండి, రెండు కొసలూ కలిస్తే జేబులోనే కాలుతుంది. ఉబ్బిన బ్యాటరీని ఛార్జింగ్‌కి పెట్టకండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, స్పేర్‌ది జాకెట్ లోపల ఉంచండి.

ఇందాక చెప్పిన టోన్ కోడ్‌నే ప్రైవసీ కోడ్ అని కూడా అంటారు, పేరు చూసి మోసపోకండి. అది పెట్టుకుంటే వేరేవాళ్ల మాటలు మీకు వినపడవు, అంతే. మీ మాటలు ఆ ఛానెల్లో కోడ్ పెట్టుకోనివాళ్లందరికీ వినపడతాయి. లైసెన్స్ సంగతి ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. యూరప్‌లో లైసెన్స్ లేకుండా వాడే పీఎంఆర్ 446 సెట్లకి అర వాటే పరిమితి, అమెరికాలో ఎఫ్ఆర్ఎస్ అని 22 ఛానెళ్లు ఉన్నాయి, ఇండియాలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవర్ సెట్లకి మినహాయింపు ఉంది. ఒక దేశంలో కొన్నది ఇంకో దేశంలో చట్టానికి విరుద్ధం కావచ్చు, ముందే చూసుకోండి.

నిజంగా ప్రాణం మీదికి వస్తే ‘మేడే’ మూడుసార్లు, తర్వాత ఎక్కడ ఉన్నారు, ఏం జరిగింది, ఎంతమంది, ఈ వరుసలో. ఎక్కడున్నారో ముందు చెప్పాలి, మధ్యలో బ్యాటరీ పోయినా కనీసం వెతకడానికి బయల్దేరగలరు.

బయల్దేరే ముందు రోజు సెట్లన్నీ ఫుల్ ఛార్జ్ పెట్టి, సగంమందిని గోడ అవతలికి పంపి, ఒకరు కాగితం మీద ఇరవై, అరవై, ‘రావొద్దు’, ‘రండి’ ఇలా పది ముక్కలు రాసుకుని చదవండి, అవతలివాళ్లని వినపడింది వినపడినట్టే రాసుకోమనండి, తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మా సైట్లో కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఇదే చేయించేవాణ్ణి, మొదటిసారి పదికి పదీ సరిగ్గా రాసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.