ముందు రెయిలింగ్, తర్వాతే మనిషి: పరంజా పనిలో కొత్త రూల్స్‌కి ఎలా అలవాటు పడ్డాం

ప్రశ్న: చాలా ఏళ్లుగా పరంజా కడుతున్న గ్యాంగ్ మాది. ఇప్పుడు సేఫ్టీ రూల్స్ మారాయి. పై లిఫ్ట్‌లోకి (పరంజాలో ఒక్కో అంతస్తుని లిఫ్ట్ అంటాం) మనిషి ఎక్కకముందే అక్కడ రెయిలింగ్ ఉండాలంటున్నారు. హార్నెస్ (ఒంటికి కట్టుకునే రక్షణ బెల్టు), ట్యాగ్ (పరంజాకి తగిలించే వివరాల చీటీ), ఇన్‌స్పెక్షన్ రిజిస్టర్ తప్పనిసరి అంటున్నారు. సీనియర్లు ఒప్పుకోవట్లేదు, పని బాగా నెమ్మదించింది. ఈ మార్పు దాటి వచ్చినవాళ్లు ఎలా అలవాటు పడ్డారో చెప్పగలరా?

జవాబు:

మొదట ఫిక్సర్‌గా (పరంజా కట్టేవాడిగా), ఆ తర్వాత సూపర్‌వైజర్‌గా ఈ పనిలోనే ఉన్నాను. ఇదే మార్పు మా గ్యాంగ్‌కీ వచ్చింది, మీ టెన్షన్ ఏమిటో బాగా తెలుసు. మీరు రాసింది చదివితే నాకు అనిపించేది ఒకటే. మీ వాళ్లు పని చేయాల్సిన వరస మారింది గానీ, సరుకు వాళ్ల చేతికి అందే వరస ఇంకా పాతదే. పని నెమ్మదించేది ఎక్కువగా అక్కడే. ముందు దాన్ని సరిచేయండి, సీనియర్లతో వాదన సగం తగ్గుతుంది.

పాత పద్ధతిలో పై లిఫ్ట్‌కి ప్లాంకులు పరిచి, చుట్టూ ఏ అడ్డూ లేకుండా వాటి మీద నిలబడి, స్టాండర్డ్‌లు (నిలువు పైపులు) ఎక్కించి, లెడ్జర్లు (వాటిని కలిపే అడ్డ పైపులు) బిగించి, అన్నీ అయ్యాక రెయిలింగ్ కట్టేవాళ్లం. ఆ పరంజా మీద తర్వాత పనిచేసే తాపీ మేస్త్రీకి, పెయింటర్‌కి రక్షణ ఉండేది. కట్టినవాడికి ఉండేది కాదు. అన్యాయం కదా అది! ఇప్పుడు చాలాచోట్ల రూల్స్ మారుతున్నది ఈ లోటు పూడ్చడానికే. బ్రిటన్‌లో స్కాఫోల్డింగ్ సంస్థల సంఘం ఎన్ఏఎస్‌సీ ఇచ్చే ఎస్‌జీ4 మార్గదర్శకాలు 2022లో మళ్లీ సవరించారు. కట్టేటప్పుడు, విప్పేటప్పుడు ఫిక్సర్ పడిపోకుండా చూడటమే వాటి పని. చక్రాల టవర్లకు యూరప్‌లో వాడే ఈఎన్ 1004 ప్రమాణం 2020లో మారింది. ప్లాట్‌ఫామ్‌ల మధ్య ఎత్తు 2.25 మీటర్లు దాటకూడదని, నేల నుంచి మొదటి ప్లాట్‌ఫామ్ 3.4 మీటర్లు దాటకూడదని పెట్టారు. ఎత్తు అంత తగ్గించారంటే కారణం ఉంది. కింది ప్లాట్‌ఫామ్ మీద నిలబడే పైదానికి రెయిలింగ్ బిగించేంత దగ్గరగా ఉండాలి. మీ దగ్గర పాత టవర్లు ఉంటే టేపు పెట్టి ఈ కొలతలు చూసుకోండి. కొన్నింటికి తయారీదారులు అదనపు ప్లాట్‌ఫామ్‌లు, రెయిళ్లు ఇస్తున్నారు.

ఇక వరస సంగతి. మా లారీలో రెయిలింగ్ పైపులు ఎప్పుడూ అడుగున ఉండేవి, ఎందుకంటే వాటితో పని చివర్లో కాబట్టి. కొత్త పద్ధతి మొదలైనప్పుడు పైన ఫిక్సర్ రెయిల్ కోసం చేయి చాపి నిలబడితే, కింద హెల్పర్ కుప్పలోంచి దాన్ని లాగుతూ ఉండేవాడు. పైనవాడికి విసుగు, కిందవాడికి తిట్లు. అందుకని లోడింగ్ తిరగేశాం. ఇప్పుడు రెయిళ్లు లారీలో పైన వస్తాయి. కింద ఒక మనిషికి ఇదే పని: ఒక్కో బేకి (పక్కపక్క స్టాండర్డ్‌ల మధ్య భాగానికి) రెండు రెయిళ్లు, నాలుగు క్లాంపులు కలిపి ముందే కట్టగా పెట్టి ఉంచుతాడు. బే పూర్తికాగానే అడగకుండానే కట్ట పైకి వెళ్తుంది. ఈ ఒక్క మార్పుతో పోయిన వేగంలో చాలా భాగం తిరిగొచ్చింది. చిన్నదే కదా అని వదిలేయకండి, నేనైతే మొదట దీంతోనే మొదలుపెట్టమంటాను.

రెండోది పైపుల పొడవు. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు, సైట్‌లో దిగాక తెలుస్తుంది. పై లిఫ్ట్‌కి రెయిలింగ్ ముందే బిగించాలంటే, దాన్ని పట్టుకునే స్టాండర్డ్ కూడా ముందే అంత ఎత్తున ఉండాలి కదా. 2 మీటర్ల లిఫ్ట్ అనుకోండి. పై రెయిల్ ఇప్పుడు మీరు నిలబడ్డ ప్లాంకు నుంచి సుమారు 3 మీటర్ల మీద వస్తుంది. స్టాండర్డ్ అక్కడికి చేరకుండా 2 మీటర్ల దగ్గరే ఆగిపోతే రెయిల్ దేనికి బిగిస్తారు? అందుకే ఏ స్టాండర్డ్ ఎంత పొడవుతో మొదలవ్వాలి, జాయింట్లు ఎక్కడ పడాలి, పక్కపక్క స్టాండర్డ్‌ల జాయింట్లు ఒకే లెవల్లో పడకుండా ఎలా మార్చాలి అన్నది నేల మీద ఉండగానే గీసుకోవాలి. మా దగ్గర కాగితం మీద ఒక గీత బొమ్మ వేసి, పైపు పొడవులు రాసి, మొదటి లిఫ్ట్ స్టాండర్డ్‌కే కట్టేస్తాం. డ్రాయింగ్ చదవడం రాని కుర్రాడికి కూడా అది అర్థమవుతుంది.

రింగ్‌లాక్, కప్‌లాక్ లాంటి సిస్టమ్ పరంజాల్లో (జాయింట్లు ముందే అమర్చి వచ్చేవి) కొన్నింటికి కింది నుంచే పైకి ఎత్తి తగిలించే రెయిలింగ్ ఫ్రేములు దొరుకుతాయి. మామూలు పైపు, క్లాంపు పనికి లెడ్జర్ మీద తగిలించే చిన్న మెట్టు ఉంటుంది. దాని మీద ఎక్కి పై రెయిల్ బిగించి, దిగి, పక్క బేకి మెట్టు జరుపుకుంటారు. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. మెట్టు ఎక్కగానే మీరున్న లిఫ్ట్ రెయిలింగ్ మీ నడుముకి దిగువకి వచ్చేస్తుంది, కాబట్టి హార్నెస్ హుక్ తగిలించాకే ఎక్కాలి.

హార్నెస్ మాట వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మా గ్యాంగ్‌లో అందరికంటే పెద్ద మేస్త్రీ "హార్నెస్ వేసుకున్నాం కదా, మళ్లీ రెయిలింగ్ ముందెందుకు?" అని పట్టుబట్టాడు. నిజానికి అది మంచి ప్రశ్న. ఆయనతో వాదించకుండా గోడ దగ్గరికి వెళ్లి, టేపు పట్టుకుని సుద్దతో గీతలు గీశాం. హుక్ కాళ్ల దగ్గరి పైపుకే తగిలించాడనుకుందాం. అక్కడి నుంచి కిందికి లాన్యార్డ్ (హార్నెస్‌ని హుక్‌తో కలిపే తాడు) 2 మీటర్లు. కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ చిరిగి సాగేది 1.75 మీటర్ల దాకా. వీపు మీది రింగు నుంచి పాదాల దాకా మనిషి మరో మీటరున్నర. ఆ కింద కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి. అన్నీ కలిపితే 6.25 మీటర్లు! మొదటి లిఫ్ట్ 2 మీటర్లు, రెండోది 4. అంటే ఆ రెండు లిఫ్ట్‌ల మీద కాళ్ల దగ్గర హుక్ పెట్టినవాడు తాడు పూర్తిగా ఆపేలోపే నేలకి తగులుతాడు. పెద్దాయన ఆ గీతల వంక చాలాసేపు చూసి, "అయితే హుక్ తలకి పైన తగిలించాలి, లేదంటే రెయిలింగ్ ఉండాలి" అన్నాడు. అంతే, ఆ తర్వాత ఆయనే కుర్రాళ్లకి చెప్పడం మొదలుపెట్టాడు. మీ సీనియర్లకి కూడా రూల్ పుస్తకం చూపించకండి, గోడ మీద గీసి చూపించండి. వాళ్ల అనుభవాన్ని చిన్నబుచ్చినట్టు ఉండదు, లెక్క వాళ్ల కళ్ల ముందే ఉంటుంది.

హుక్ దేనికి తగిలిస్తున్నారన్నది కూడా చూడాలి. రెండు వైపులా ఫిక్స్‌డ్ క్లాంపులతో స్టాండర్డ్‌లకి బిగించిన లెడ్జర్ అయితే సరే. అప్పుడే తగిలించిన, ఇంకా బిగించని రెయిల్‌కి హుక్ వేసేవాళ్లని చూశాను, అది వేయనట్టే లెక్క. ఇంకో సంగతి, పడినవాడు హార్నెస్‌లో వేలాడుతుంటే బెల్టులు తొడల్ని నొక్కి రక్తప్రసరణ దెబ్బతింటుంది, నిమిషాలు గడిచేకొద్దీ ప్రాణం మీదికి వస్తుంది. ఎవరు ఎక్కుతారు, దేనితో దింపుతారు అన్నది పొద్దున్నే తేల్చుకోవాలి. దింపే సామాను సైట్ ఆఫీసులో తాళం వేసి ఉంటే లాభం లేదు, పరంజా దగ్గరే ఉండాలి.

సీనియర్లు ఒప్పుకోకపోవడానికి ఇంకో కారణం కూలి. చదరపు మీటరు లెక్కన డబ్బు వస్తుంటే, నెమ్మదిగా కట్టమనడం వాళ్ల చెవికి తక్కువ తీసుకోమన్నట్టే వినిపిస్తుంది. వాళ్ల బాధలో న్యాయం ఉంది. మా కాంట్రాక్టర్‌తో మాట్లాడి, అలవాటయ్యేదాకా రోజు కూలి మీద చేయించాం. కొత్త పనులకి కొటేషన్ ఇచ్చేటప్పుడు రెయిలింగ్ వరసకి పట్టే సమయం కూడా కలిపి రాశాం. గ్యాంగ్ మీది కాబట్టి ఈ మాట మీరే ఎత్తాలి, కుర్రాళ్లు ఎత్తలేరు.

ట్యాగ్, రిజిస్టర్ అనుకున్నంత కష్టం కాదు. బ్రిటన్ రూల్ ప్రకారం వాడకముందు ఒకసారి, ఆ తర్వాత 7 రోజులకోసారి, గాలివాన లాంటిది వచ్చి వెళ్లాక మళ్లీ చూడాలి. అమెరికాలో ఓషా (అక్కడి కార్మిక భద్రతా సంస్థ) రూల్ ప్రకారం ప్రతి షిఫ్ట్ ముందు అర్హత ఉన్న మనిషి చూడాలి. మీకు ఏది వర్తిస్తుందో అది పాటించండి. ట్యాగ్ మీద బరువు మాత్రం తప్పకుండా రాయండి. యూరప్ లెక్కలో మూడో తరగతి పరంజా అంటే చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్లు, ఉజ్జాయింపుగా 200 కిలోలు. తాపీ వాళ్లకి కిలోన్యూటన్ అంటే తెలియదు, "ఈ బే మీద మనుషులతో కలిపి ఇన్ని కిలోలు" అని రాస్తే వెంటనే తెలుస్తుంది.

పాత సరుకు వేరుచేయడం మాత్రం వాయిదా వేయకండి. 48.3 మిల్లీమీటర్ల పైపు బయటికి అంతా ఒకేలా ఉంటుంది, గోడ మందం 4 మిల్లీమీటర్లా 3.2 మిల్లీమీటర్లా అన్నది కంటికి తెలియదు. తూకం వేస్తే తెలుస్తుంది. 6 మీటర్ల పైపు 4 మిల్లీమీటర్లదైతే 26 కిలోల దాకా తూగుతుంది, 3.2 అయితే 21 కిలోలు. దానికన్నా తక్కువ తూగితే లోపల తుప్పు తిన్నదేమో అనుమానించి పక్కన పెట్టండి. మందాన్ని బట్టి చివర్లకి వేర్వేరు రంగు పూస్తే మళ్లీ కలవవు. క్లాంపుల బిగింపు సాధారణంగా 50 న్యూటన్ మీటర్లు. పావు మీటరు స్పానర్ చివర 20 కిలోల బలం అన్నమాట. స్పానర్‌కి పైపు తొడిగి తిప్పితే బోల్టు మరలు పాడవుతాయి. ఒకసారి టార్క్ రెంచ్ తెచ్చి అందరి చేత బిగింపించండి, చేతికి ఆ లెక్క అబ్బుతుంది.

ఇక విప్పడం గురించి. కట్టేటప్పుడు రూల్ పాటించినవాళ్లు కూడా ఇక్కడ తొందరపడతారు, పని అయిపోయిందన్న ధీమాతో. పై లిఫ్ట్ మీద ఉండగానే రెయిలింగ్ విప్పేసి, ఆ తర్వాత ప్లాంకులు, ట్రాన్సమ్‌లు (ప్లాంకుల్ని మోసే అడ్డ పైపులు) తీస్తారు. అలా వద్దు. పై లిఫ్ట్ ప్లాంకులు తీసేసి, మనుషులు కింది లిఫ్ట్‌లోకి దిగాక, అక్కడి నుంచే మెట్టు మీద నిలబడి పై రెయిల్ విప్పాలి. గోడకి పట్టి ఉంచే టైలు ఆ లిఫ్ట్ వంతు వచ్చేదాకా ముట్టుకోకూడదు, అడ్డొస్తున్నాయని ఎవరడిగినా సరే. విప్పే రోజు లారీ తొందరగా పంపమని ఒత్తిడి ఎక్కువ ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క రోజు కింద కట్టలు కట్టే మనిషికి ఇంకొకరిని తోడివ్వండి.