మొదటి హోమ్ సర్వర్‌కు విడిభాగాలు ఎంచుకుంటున్న సుధకు

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన విడిభాగాల జాబితాను, అందులోని మదర్‌బోర్డు మ్యాన్యువల్‌ను పక్కపక్కన పెట్టుకుని చదివాను. విడివిడిగా చూస్తే ఇందులో తీసిపారేయవలసిన వస్తువు ఒక్కటీ లేదు. అయితే వీటన్నిటినీ కొని బిగిస్తే మాత్రం యంత్రం లేవదు. ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చుంటుంది, ర్యామ్ స్లాట్‌లోకి దిగుతుంది, కేబుళ్లు వాటి చోట్ల బిగుసుకుంటాయి, ఫ్యాన్లు కూడా తిరుగుతాయి; తెర మీద మాత్రం ఒక్క అక్షరం రాదు. ఒకదానిలో ఒకటి పట్టడం వేరు, ఒకదానితో ఒకటి పనిచేయడం వేరు. ఈ తేడా ఎక్కడెక్కడ ఎదురవుతుందో నీ జాబితానే ఆధారంగా చేసుకుని వివరిస్తాను.

నువ్వు ప్రాసెసర్ పేరుతో మొదలుపెట్టి, డిస్కుల గురించి చివర్లో "తర్వాత చూద్దాం" అని రాశావు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఇంట్లో పెట్టుకునే సర్వర్ చేసే పని చాలావరకు ఫైళ్లను భద్రపరచడం, ఫోన్లలోని ఫోటోలకు బ్యాకప్ తీయడం, వీడియోలను టీవీకి అందించడం, ఒకటి రెండు చిన్న ప్రోగ్రాములను రాత్రింబవళ్లు నడపడం. వీటికి నాలుగు కోర్ల మామూలు ప్రాసెసర్ ధారాళంగా సరిపోతుంది. ఎన్ని డిస్కులు పెడతావన్నదే మిగిలినవాటిని నిర్ణయిస్తుంది: బోర్డు మీద డిస్కులు తగిలించే సాటా పోర్టులు ఎన్ని కావాలి, క్యాబినెట్‌లో ఎన్ని అరలు కావాలి, అన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ ఎంత భారం మోయాలి అన్నవన్నీ ఆ ఒక్క లెక్క నుంచే వస్తాయి. కాబట్టి ఇప్పుడు ఎన్ని డిస్కులు, మూడు నాలుగేళ్ల తర్వాత ఎన్ని అన్న రెండు అంకెలను ముందు తేల్చుకో. అప్పుడే నెట్‌వర్క్‌ను కూడా లెక్కలోకి తీసుకో. 1 గిగాబిట్ లైన్‌లో సెకనుకు సుమారు 110 మెగాబైట్లకు మించి డేటా నడవదు. ఇప్పటి మామూలు హార్డ్ డిస్కు ఒక్కటే పెద్ద ఫైళ్లను అంతకంటే వేగంగా చదవగలదు. అందువల్ల డేటా నిల్వ కోసం నువ్వు రాసిన ఖరీదైన, అతి వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీల (తిరిగే పళ్లేలు లేని చిప్ డిస్కుల) జోడీని నిస్సంకోచంగా కొట్టివేయవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఎప్పుడైనా పెట్టుకునే వర్చువల్ మెషిన్లకు (ఒకే యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే విడి కంప్యూటర్లకు) ఒక చిన్న ఎస్ఎస్‌డీ చాలు.

ప్రాసెసర్, బోర్డుల విషయంలో సాకెట్ పేరు కలవడాన్ని మొదటి మెట్టుగా మాత్రమే చూడాలి. ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్లు 2017లో వచ్చినప్పుడు వాటి సాకెట్ కూడా అంతకుముందు తరాల మాదిరిగానే ఎల్‌జీఏ 1151. అయినా పాత 100, 200 వరుసల చిప్‌సెట్ (బోర్డు మీది పోర్టులను, స్లాట్లను నడిపే చిప్) ఉన్న బోర్డుల్లో వాటికి మద్దతు లేదు. సెకండ్‌హ్యాండ్ బోర్డులు కొనేవారికి ఈ చిక్కు నేటికీ తగులుతూనే ఉంది. ఏఎండీ ఏఎం4 సాకెట్ విషయంలో అడ్డు మరో రూపంలో వస్తుంది. బీ450 బోర్డు 5000 వరుస రైజెన్ ప్రాసెసర్‌ను నడపగలదు గాని, దానికి తగిన కొత్త బయోస్, అంటే యంత్రాన్ని మొదట లేపే బోర్డులోని ప్రోగ్రాము, అందులో ఉండాలి. పాత బయోస్‌తో వచ్చిన బోర్డు ఆ ప్రాసెసర్‌ను గుర్తించదు, గుర్తించనిదే బయోస్ మార్చే తెర దాకా నువ్వు చేరలేవు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ ద్వారా బయోస్ మార్చుకునే సౌకర్యం కొన్ని బోర్డుల్లో ఉంటుంది. అది లేని బోర్డయితే, అమ్మేవారి చేత ముందే బయోస్ మార్పించుకో. తయారీదారు ప్రకటించే మద్దతు పట్టికలో నీ ప్రాసెసర్ పేరు, దాని ఎదురుగా కనీసం ఏ బయోస్ వెర్షన్ ఉండాలన్న వివరం, రెండూ కనిపించిన తర్వాతే డబ్బు కట్టు.

నువ్వు ఎంచుకున్న ప్రాసెసర్ మోడల్ నంబరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంది. కాస్త చవకగా వస్తోందని తీసుకున్నట్టున్నావు. ఆ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ పనిచేయదు. సర్వర్‌కు తెరతో పని లేదు కదా అని నువ్వు అనవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేటప్పుడు, ఆ తర్వాత ఏదైనా మొరాయించినప్పుడు తెర కావాలి. కొన్ని బోర్డులైతే గ్రాఫిక్స్ ఏదీ కనిపించకపోతే బూట్ కావడానికే ఒప్పుకోవు. పైగా నువ్వు వీడియోలను టీవీకి పంపాలంటున్నావు. ఒక ఫార్మాట్‌లోని వీడియోను అప్పటికప్పుడు మరో ఫార్మాట్‌లోకి మార్చే పనిని ఇంటెల్ గ్రాఫిక్స్‌లోని క్విక్ సింక్ చాలా తక్కువ కరెంటుతో చేస్తుంది. ఎఫ్ మోడల్ తీసుకుని, ఆ లోటు తీర్చడానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు కొంటే మిగిలేదేమీ ఉండదు సరికదా, 24 గంటలూ నడిచే యంత్రానికి ఇంకో కరెంటు ఖర్చు తోడవుతుంది. ఒక్క వాట్ ఏడాది పొడవునా నడిస్తే 8.76 యూనిట్లు అవుతుంది. 40 వాట్లంటే 350 యూనిట్లు. వాడని గ్రాఫిక్స్ కార్డు కోసం కరెంటు ధారపోయడం నాకు సబబుగా తోచదు. ఎఫ్ లేని మోడల్‌నే తీసుకో.

జాబితాలో నన్ను అన్నిటికంటే కంగారుపెట్టింది ర్యామ్. పాత సర్వర్ల నుంచి తీసిన డీడీఆర్4 తరం ఈసీసీ (తప్పులను సరిదిద్దుకునే) ర్యామ్ చాలా చవకగా దొరుకుతోందని సంబరపడ్డావు. అది రిజిస్టర్డ్ రకం, అంటే ప్రాసెసర్ ఆదేశాలను మధ్యలో ఒక చిప్ అందుకునే ఆర్‌డిమ్. నీ డెస్క్‌టాప్ బోర్డు కోరేది ఆ చిప్ లేని యూడిమ్. డీడీఆర్4లో ఈ రెండింటికీ 288 పిన్నులే, గాటు ఉన్న చోటు కూడా ఒకటే. కాబట్టి నీ బోర్డులో ఆర్‌డిమ్ చక్కగా దిగుతుంది, యంత్రం మాత్రం బూట్ కాదు. చవకగా దొరకడానికి కారణం కూడా అదే: సర్వర్, వర్క్‌స్టేషన్ బోర్డులున్నవారు తప్ప ఇంకెవరూ దాన్ని వాడుకోలేరు. డీడీఆర్5కు వచ్చేసరికి ఈ రెండు రకాలకూ గాటు వేర్వేరు చోట్ల పెట్టారు కాబట్టి పొరపాటుకు తావు తగ్గింది. డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవన్న సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఎల్‌జీఏ 1700 సాకెట్ బోర్డులు ఈ రెండు రకాలకూ విడివిడిగా వచ్చాయి. దాదాపు ఒకే పేరుతో ఉండి చివర డీ4 అన్న తోక మాత్రమే తేడాగా ఉండే మోడళ్లు ఉన్నాయి గనుక పేరును చివరి అక్షరం దాకా చదువు.

ఈసీసీ నిజంగా అవసరమా అంటే, ఉంటే మంచిదే. మెమరీలో ఒక బిట్ తారుమారైనా దాన్ని పసిగట్టి సరిచేస్తుంది. ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తూ కుటుంబ ఫోటోలను కాచే యంత్రానికి అది విలువైన లక్షణం. కానీ ర్యామ్ ఒక్కటే ఈసీసీ అయితే చాలదు. ప్రాసెసర్, బోర్డు కూడా ఆ పనికి సిద్ధంగా ఉండాలి. ఇంటెల్ 12 నుంచి 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లతో ఈసీసీ కావాలంటే డబ్ల్యూ680 వంటి వర్క్‌స్టేషన్ చిప్‌సెట్ బోర్డు ఉండాలి, ఎంచుకున్న ప్రాసెసర్‌కూ ఆ మద్దతు ఉండాలి. ఏఎం4 వైపు చాలా రైజెన్ ప్రాసెసర్లు ఈసీసీని అడ్డుకోవు, పనిచేయించాలా వద్దా అన్నది బోర్డు తయారీదారు చేతిలో ఉంటుంది. కానీ గ్రాఫిక్స్ ఉన్న 5000జీ వరుసలో ప్రో మోడళ్లకు తప్ప మిగిలినవాటికి ఆ మద్దతు లేదు. డీడీఆర్5 ర్యామ్ ప్రకటనల్లో కనిపించే ఆన్-డై ఈసీసీ చిప్ లోపలి తప్పులను మాత్రమే దిద్దుకుంటుంది. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా సాగే దారిని అది కాపాడదు. నీ మొదటి సర్వర్‌కు నా మాట వింటే, మామూలు యూడిమ్‌లు రెండు, బోర్డు తయారీదారు పరీక్షించిన జాబితాలో ఉన్నవి, ఒకే ప్యాక్‌లో వచ్చినవి తీసుకో. ఈసీసీ మానుకుంటే మిగిలే డబ్బును బ్యాకప్ కోసం పెట్టే అదనపు డిస్కు మీద ఖర్చు చేయి. నాలుగు స్లాట్లు ఉన్నాయని మొదటే నాలుగూ నింపకు; పెంచుకోవడానికి చోటు ఉండదు, డీడీఆర్5లో నాలుగు పెడితే వేగం కూడా తగ్గుతుంది.

ఇప్పుడు డిస్కుల పోర్టులు. నీ బోర్డు పెట్టె మీద ఆరు సాటా పోర్టులు, రెండు ఎం.2 స్లాట్లు (చిన్న పట్టీలాంటి ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డులో గుచ్చే చోట్లు) అని ఉంది. అవి మొత్తం ఒకేసారి పనిచేస్తాయని పెట్టె ఎక్కడా చెప్పలేదు. మ్యాన్యువల్‌లో స్పెసిఫికేషన్ల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది: రెండో ఎం.2 స్లాట్ వాడితే 5, 6 నంబర్ల సాటా పోర్టులు ఆగిపోతాయి. చిప్‌సెట్ దగ్గరున్న దారులు పరిమితం. ఒకే దారిని రెండు చోట్లకు పంచి, ఒకదాన్ని వాడితే రెండోదాన్ని మూసేస్తారు. చాలా బోర్డుల్లో ఇలాంటి పంపకం ఏదో ఒకటి ఉంటుంది, అది ఆ చిన్న అక్షరాల్లో తప్ప ఇంకెక్కడా దొరకదు. ఎం.2 ఆకారంలో ఉన్న ఎస్ఎస్‌డీలన్నీ ఎన్‌వీఎంఈ కావన్నది ఇంకో సంగతి. సాటా రకం ఎస్ఎస్‌డీ కూడా అదే ఆకారంలో వస్తుంది, కొన్ని స్లాట్లు రెంటిలో ఒకదాన్నే గుర్తిస్తాయి. అదనపు కార్డులు పెట్టే పీసీఐఈ స్లాట్ల విషయం కూడా ఇంతే. పొడవుగా, 16 లేన్లు (డేటా దారులు) ఉండే ఎక్స్16లాగా కనిపించే రెండో స్లాట్‌లో నిజానికి నాలుగు లేన్లే ఉండవచ్చు.

ఆరుకు మించి డిస్కులు కావాలనుకుంటే చవక సాటా కార్డుల జోలికి, ముఖ్యంగా ఒకే పోర్టును నాలుగైదు డిస్కులకు పంచే పోర్ట్ మల్టిప్లయర్ల జోలికి వెళ్లకు. సెకండ్‌హ్యాండ్‌లో దొరికే ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ వంటి హెచ్‌బీఏ, అంటే డిస్కులను తగిలించుకునే కార్డు, ఎనిమిది డిస్కులను నిలకడగా మోస్తుంది. దాని ఫర్మ్‌వేర్ (కార్డులోని ప్రోగ్రాము) ఐటీ మోడ్‌లో ఉండాలి, అంటే కార్డు సొంతంగా రెయిడ్ (చాలా డిస్కులను ఒకటిగా కలిపే పద్ధతి) నడపకుండా డిస్కులను ఉన్నవున్నట్టుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించాలి. డిస్కులను తనే నిర్వహించుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడదలచుకుంటే ఇది తప్పనిసరి అనుకో. ఆ కార్డు నుంచి సాటా డిస్కులకు వెళ్లే కేబుల్ కార్డు వైపు ఒక కనెక్టర్‌ను నాలుగు డిస్కులకు విడదీసే ఫార్వర్డ్ బ్రేకౌట్ రకం కావాలి. రివర్స్ రకం చూడడానికి అచ్చం అలాగే ఉంటుంది, పని మాత్రం చేయదు. ఇవి ఫ్యాన్ల హోరులో ఉండే సర్వర్ల కోసం చేసిన కార్డులు గనుక ఇంటి క్యాబినెట్‌లో వాటి మీదికి గాలి తగిలేలా ఒక ఫ్యాన్ పెట్టు.

డిస్కులు కొనేటప్పుడు ఒక్క ప్రశ్న అడుగు: సీఎంఆరా, ఎస్ఎంఆరా? సీఎంఆర్‌లో డేటా రాసే ట్రాకులు విడివిడిగా ఉంటాయి, ఎస్ఎంఆర్‌లో ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. అందువల్ల ఎడతెగకుండా రాయవలసి వచ్చినప్పుడు వేగం దారుణంగా పడిపోతుంది. పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి రెయిడ్‌ను తిరిగి నింపేటప్పుడు సరిగ్గా అలాంటి రాతే సాగుతుంది. పెట్టె మీద లేకపోతే తయారీదారు డేటాషీట్‌లో చూడు. పెద్ద సర్వర్లలో వాడే ఎస్ఏఎస్ రకం డిస్కులు చవకగా కనిపించినా నీ బోర్డు సాటా పోర్టులకు అవి పనికిరావు. హెచ్‌బీఏ ఉంటేనే వాటి వైపు చూడాలి.

ఎస్ఎంపీఎస్‌కు వాట్లు ఎక్కువ అక్కరలేదు, నాణ్యత కావాలి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్ట్ల లైన్ నుంచి దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. ఆరు డిస్కులు ఒకేసారి లేస్తే కొన్ని సెకన్లపాటు సుమారు 150 వాట్లు వాటికే కావాలి. ప్రాసెసర్, బోర్డులను కలిపి చూసినా మంచి కంపెనీ 450 వాట్ల యూనిట్ నీకు సరిపోతుంది. దానికి తగినన్ని సాటా పవర్ కనెక్టర్లు ఉన్నాయో లేదో చూడు. లేవని మోలెక్స్ అనే పాత నాలుగు పిన్నుల కనెక్టర్ నుంచి సాటాకు మార్చే అచ్చుపోసిన అడాప్టర్లు వాడకు, అవి కాలిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత మాడ్యులర్ (కేబుళ్లు ఊడివచ్చే) ఎస్ఎంపీఎస్ కేబుళ్లను కొత్తదానికి తగిలించకు. డిస్కు వైపు కనెక్టర్ అందరిదీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకు మాత్రం ఏ ప్రమాణమూ లేదు. కంపెనీ ఒకటే అయినా మోడల్ మారితే వరుస మారవచ్చు. 5 వోల్ట్లు వెళ్లవలసిన తీగలో 12 వోల్ట్లు వెళ్తే, తగిలించిన డిస్కులన్నీ ఒక్క క్షణంలో పోతాయి. అలాగే ఎంటర్‌ప్రైజ్ డిస్కులు కొన్నిటిలో సాటా పవర్ మూడో పిన్‌ను డిస్కును ఆపేందుకు వాడతారు; ఆ పిన్‌కు 3.3 వోల్ట్లు ఇచ్చే పాత తరహా ఎస్ఎంపీఎస్‌తో అలాంటి డిస్కు తిరగనే తిరగదు. చెడిపోయిందనుకుని వెనక్కి పంపేముందు ఇది గుర్తు చేసుకో.

క్యాబినెట్‌లో బోర్డు సైజు, డిస్కుల అరలు, కూలర్ ఎత్తు, ఈ మూడూ చూస్తే చాలు. ఎల్‌జీఏ 1200కు చేసిన పాత కూలర్‌ను ఎల్‌జీఏ 1700 మీద పెట్టాలంటే రంధ్రాల దూరం 75 నుంచి 78 మిల్లీమీటర్లకు మారింది గనుక కొత్త బ్రాకెట్ కావాలి.

కొన్న తర్వాత అన్నిటినీ ఒకేసారి క్యాబినెట్‌లో బిగించకు. బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, ఎస్ఎంపీఎస్ ఇంతే బోర్డు అట్టపెట్టె మీద పెట్టి బయోస్ తెర వచ్చేదాకా చూడు. తర్వాత రెండో ర్యామ్ పెట్టి రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాము నడుపు. డిస్కులను ఒక్కొక్కటిగా మొదటి నుంచి చివరి దాకా రాయించి చదివించు. పెద్ద డిస్కుకు రోజుకు పైగా పట్టినా తొందరపడకు. వెనక్కి ఇవ్వడానికి అమ్మేవారు పెట్టిన గడువు ముగిసేలోపు ఇదంతా జరగాలి గనుక, డిస్కులను ముందుగా కొని అల్మరాలో దాచకుండా, మిగిలిన భాగాలతో పాటే తెప్పించు. సవరించిన జాబితా పంపేటప్పుడు మోడల్ నంబర్లు పూర్తిగా రాయి, బోర్డు బయోస్ వెర్షన్ కూడా అడిగి రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న