పాలు, పెరుగు సంగతి తర్వాత, ముందు ఆ క్యాప్సూల్ ఆపండి

డాక్టర్ సలహా

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హనుమకొండలో ఒక ప్రైవేటు పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. పెళ్లయి రెండేళ్లయింది. ఇంటర్ చదివే వయసులో కూడా రాని మొటిమలు ఏడాదిన్నరగా గడ్డం మీద, దవడల పక్కన వస్తున్నాయి. చిక్కటి పాలు, పెరుగు, గుడ్డు, కారం, నూనె వంటకాలు మానేశాను. జిమ్‌లో చెప్పిన ప్రకారం వెన్న తీసిన పాలలో వే ప్రోటీన్ పొడి కలుపుకొని తాగుతున్నాను. జుట్టు రాలుతోందని బయోటిన్, నీరసంగా ఉందని బి12, వీటితోపాటు ఒక మల్టీవిటమిన్ వేసుకుంటున్నాను. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము ఎనిమిది నెలలుగా రాస్తున్నాను. రాస్తే తగ్గుతాయి, ఆపితే ముఖం ఎర్రబడి మళ్లీ వస్తాయి. తమ్ముడికి డాక్టరు రాసిన ఐసోట్రెటినాయిన్ 20 మి.గ్రా. క్యాప్సూల్స్ మిగిలితే మూడు వారాలుగా వేసుకుంటున్నాను. పెదాలు బాగా పగులుతున్నాయి, ఇది ఏ విటమిన్ లోపం? నెలసరి 45 నుంచి 60 రోజులకు ఒకసారి వస్తోంది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. మొటిమలు పోవాలంటే ఇంకా ఏమేం మానాలి? ఏ సప్లిమెంట్ మంచిది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు అడిగింది తిండి గురించి. నన్ను కంగారు పెట్టింది మాత్రం మీ ఉత్తరం చివర్లో రాసిన మూడు సంగతులు: ఆ క్యాప్సూల్, నెలసరి, పిల్లల ప్రయత్నం. అందుకని జవాబు అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్ ఈ రోజే ఆపండి. రేపటి మోతాదు కూడా వద్దు. గర్భం దాల్చే అవకాశం ఉన్న స్త్రీలు ఈ మందు వాడటానికి ఒక నెల ముందు నుంచి, వాడినంత కాలం, ఆపిన తర్వాత మరో నెల దాకా గర్భం రాకుండా తప్పనిసరిగా జాగ్రత్త పడాలి. గర్భంలో ఉన్న బిడ్డ ముఖం, చెవులు, గుండె, మెదడు ఎదుగుదల మీద ఇది తీవ్రమైన ప్రభావం చూపుతుంది. గర్భస్రావమూ జరగవచ్చు. కొద్ది రోజులే కదా, చిన్న మోతాదే కదా అనుకోవడానికి వీల్లేదు, ఇంత వరకైతే ఫరవాలేదని చెప్పగలిగిన మోతాదు లేదు. మేము ఈ మందు రాసే ముందు గర్భ పరీక్ష, లివర్, కొలెస్టరాల్ పరీక్షలు చేయించి, కాగితం మీద సంతకం కూడా తీసుకుంటాం. మీరేమో ఇంట్లో అరలో కనబడింది కదా అని మొదలుపెట్టారు. మీ ఆత్రం అర్థమవుతోంది, కానీ ఇది మంచి పని కాదమ్మా.

మీకు నెలసరి రెండు నెలలకు ఒకసారి వస్తోంది కాబట్టి తేదీ దాటిందా లేదా అన్నది మీకే తెలియదు. రేపు ఉదయం మొదటి మూత్రంతో గర్భ పరీక్ష చేసుకోండి. నెగెటివ్ వచ్చినా, బయోటిన్ ఆపి వారం తర్వాత మరోసారి చేసుకోండి, లేదా రక్త పరీక్ష చేయించండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదు. దాని సంగతి కింద చెబుతాను. పాజిటివ్ వస్తే అదే రోజు స్త్రీవైద్య నిపుణులను కలిసి, ఈ క్యాప్సూల్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వేసుకున్నారో దాచకుండా చెప్పండి. మీరే ఏదో ఊహించుకొని ఇంకో మాత్ర మింగవద్దు. రెండోసారి కూడా నెగెటివ్ వస్తే, చివరి క్యాప్సూల్ వేసుకున్న రోజు నుంచి కనీసం ఒక నెల పిల్లల ప్రయత్నం వాయిదా వేయండి. ఆ నెల గడిచేదాకా రక్తదానం కూడా చేయకూడదు.

పెదాలు పగలడం విటమిన్ లోపం వల్ల కాదు. ఈ క్యాప్సూల్ వాడేవారిలో దాదాపు అందరికీ పెదాలు ఎండిపోతాయి. ఐసోట్రెటినాయిన్ విటమిన్ ఎ జాతికి చెందిన మందే. మీ మల్టీవిటమిన్ డబ్బా మీద చూడండి, అందులో కూడా విటమిన్ ఎ ఉండే అవకాశం ఎక్కువ. రెండూ కలిస్తే ఆ విటమిన్ మోతాదు మించుతుంది. విడవని తలనొప్పి, చూపు మసకబారడం, వాంతులు ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇంకొక మాట, మీ తమ్ముడికి క్యాప్సూల్స్ ఎందుకు మిగిలాయి? ఈ మందు కోర్సు మధ్యలో ఆపితే మొటిమలు తిరిగి రావచ్చు. ఆయనను కూడా తన డాక్టరును ఒకసారి కలవమనండి.

ఇప్పుడు ఆ క్రీము. ట్యూబు పేరు మీరు రాయలేదు. అయినా రాస్తే తగ్గి, ఆపితే ఎర్రబడి రెట్టింపయ్యే క్రీము అంటే నాకు మొదట వచ్చే అనుమానం స్టెరాయిడ్ మీదే. మా ఓపీకి వచ్చే మొటిమల కేసుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ విసిగించేది ఇదే. పరకాల నుంచి వచ్చినా, నర్సంపేట నుంచి వచ్చినా, కాజీపేట నుంచి వచ్చినా బ్యాగులోంచి బయటికి తీసేది అవే రెండు మూడు ట్యూబులు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన క్రీము ఒకటి. తెల్లబడటానికని హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటసోన్ కలిపింది మరొకటి. గజ్జల్లో తామరకు ఒకరు వాడిన ట్యూబునే ఇంట్లో ఇంకొకరు ముఖానికి రాసుకోవడం కూడా చూస్తుంటాం. ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథసోన్, మోమెటసోన్, ఫ్లూసినొలోన్ వంటి పేరు ఏదైనా ఉంటే అది స్టెరాయిడే. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి చాలా క్రీములను షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మేవారిని అనడం సరే, ‘ముఖానికి మంచి క్రీము ఒకటి ఇవ్వండి’ అని అడిగేది మాత్రం మనమే కదా!

మొదటి వారం ముఖం నిగనిగలాడుతుంది, ఇరుగుపొరుగు ఏ క్రీము వాడుతున్నావని అడుగుతారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి సన్నటి ఎర్ర రక్తనాళాలు కనబడతాయి, ఎండలోకి వెళ్తే మంట పుడుతుంది, స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలు వస్తాయి, ముఖం మీద నూగు పెరుగుతుంది. మీలో ఇదివరకే ఉన్న మొటిమలు ఏవో, క్రీము తెచ్చిపెట్టినవి ఏవో చూడకుండా చెప్పలేను. ఒక్కసారిగా ఆపితే కొద్ది రోజుల్లోనే మంట, ఎరుపు ఎగదన్నవచ్చు. చాలామంది అక్కడే భయపడి మళ్లీ ట్యూబు మూత తీస్తారు. అందుకే మీ అంతట మీరు ఏ ప్రయోగమూ చేయకుండా ఈ వారంలోనే చర్మవైద్య నిపుణులను కలవండి. వెంటనే ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది ముఖం చూశాక వారు నిర్ణయిస్తారు. దానిలో ట్రెటినాయిన్ (ఇదీ విటమిన్ ఎ జాతి మందే) గనుక ఉంటే పిల్లల కోసం ప్రయత్నించే సమయంలో అదీ తగదు.

హార్మోన్ల సంగతికి వస్తాను. పాతికేళ్లు దాటాక, గడ్డం, దవడల దగ్గర, నెలసరి ముందు ఎక్కువయ్యే మొటిమలకు నెలసరి 35 రోజులు దాటి రావడం కూడా తోడైతే పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) ఉందేమో చూడాల్సిందే. మన దగ్గర అందరూ అండాశయాల్లో నీటి బుడగలు అంటారు. స్కానింగ్‌లో బుడగలు కనబడినంత మాత్రాన జబ్బు కాదు, కనబడకపోతే లేనట్టూ కాదు. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ ఎక్కువైన లక్షణాలు లేదా రక్త పరీక్షలో దాని పెరుగుదల, స్కానింగ్‌లో మార్పు, ఈ మూడింటిలో రెండు ఉండి, ఇతర కారణాలు లేవని తేలితే అప్పుడు ఆ పేరు పెడతాం. గడ్డం మీద ముతక వెంట్రుకలు, నడినెత్తిన జుట్టు పలచబడటం, మెడ వెనుక నల్లటి మందపు చర్మం ఉన్నాయేమో చూసుకోండి. మీరు జుట్టు రాలుతోందని రాశారు, అది ఎక్కడ రాలుతోందో రాయలేదు. గొంతు మారడం, వెంట్రుకలు కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరగడం ఉంటే మాత్రం ఆలస్యం చేయవద్దు, దానికి వేరే కారణం ఉండవచ్చు.

సాధారణంగా రక్తంలో టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్), డీహెచ్ఈఏ సల్ఫేట్, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్, ప్రొలాక్టిన్ వంటి హార్మోన్లు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), 75 గ్రాముల గ్లూకోజ్‌తో షుగర్ పరీక్ష అడుగుతాం. వీటిలో మీకు ఏవి అవసరమో మీ డాక్టరే చెప్పాలి. ఇక్కడే బయోటిన్‌తో పేచీ. మనిషికి రోజుకు కావలసింది సుమారు 30 మైక్రోగ్రాములు. జుట్టు మాత్రల్లో 10,000 మైక్రోగ్రాముల దాకా పెడతారు. అంత రక్తంలో తిరుగుతుంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టెస్టోస్టిరాన్ ఎక్కువగా చూపించవచ్చు. లేని థైరాయిడ్ జబ్బుకు మందు మొదలుపెట్టే పరిస్థితి వస్తుంది. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు ఆపి, ల్యాబ్‌లో కూడా చెప్పండి. నిజానికి బయోటిన్ లోపం చాలా అరుదు. మీరు దాన్ని పూర్తిగా మానేసినా నష్టమేమీ కనబడటం లేదు.

బి12 అలా కాదు. కొందరిలో, ముఖ్యంగా ఎక్కువ మోతాదు ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో, ఇది మొటిమలు రేపుతుంది. అయితే మీరు గుడ్లు, పెరుగు కూడా మానేశారు, నీరసం అంటున్నారు. నిజంగానే లోపం ఉండవచ్చు. రక్త పరీక్షలో లోపం తేలితే మొటిమలకు జడిసి ఆపకూడదు. లోపం లేకపోతే అసలు ఆ మాత్రే అక్కర్లేదు. అన్నట్టు, మీ జాబితాలో ఉండాల్సింది ఒకటి లేదు. పిల్లల కోసం ప్రయత్నించే ప్రతి స్త్రీ రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి. మీరు వేసుకుంటున్న ఇన్నిటిలో అది ఉందో లేదో చూడండి.

తిండి గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే మీ బాధలో దాని వాటా చిన్నదని నా అభిప్రాయం. తీపి, మైదా, తెల్లన్నం ఎక్కువైనప్పుడు ఇన్సులిన్ పెరుగుతుంది, దానితో చర్మంలో నూనె గ్రంథులు చురుకవుతాయి, మగ హార్మోన్ ప్రభావమూ పెరుగుతుంది. 2007లో ఆస్ట్రేలియాలో యువకుల మీద 12 వారాలు చేసిన పరిశోధనలో చక్కెరను త్వరగా పెంచని ఆహారం తిన్నవారికి మొటిమలు తగ్గాయి. పాలకూ మొటిమలకూ సంబంధం కనబడిన అధ్యయనాలు ఉన్నాయి, కానీ అవి సంబంధమే చూపాయి తప్ప పాలే కారణమని తేల్చలేదు. విచిత్రం ఏమిటంటే, వాటిలో కొన్నింటిలో వెన్న తీసిన పాలతోనే ఆ సంబంధం ఎక్కువగా కనబడింది. వే ప్రోటీన్ కూడా పాల నుంచి తీసిందే, అది మొదలుపెట్టాక మొటిమలు పెరిగినవారిని మేము చూస్తుంటాం. అంటే మీరు పెరుగు మానేసి, అనుమానం ఎక్కువున్నదాన్ని తెచ్చుకున్నారు. ఆ పొడి రెండు మూడు నెలలు ఆపి చూడండి. గుడ్డు, పెరుగు మళ్లీ తినండి. అవి మానేసినవారు పళ్లెంలో ఇంకో గంటె అన్నం, సాయంత్రం చాయ్‌తో నాలుగు బిస్కెట్లు వేసుకోవడం మామూలే. జొన్న రొట్టె తిన్నా లెక్క పెట్టుకొని తినాలి. బరువు ఎక్కువుండి పీసీఓఎస్ కూడా ఉంటే, ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి కుదుటపడే అవకాశం ఉంది. కారం మానక్కర్లేదు, కారంతో మొటిమలు వస్తాయనడానికి సరైన ఆధారం లేదు. పైగా మన చపాట మిర్చికి రంగే తప్ప కారం ఎంత!

మొటిమలకు హార్మోన్ మాత్రలు, స్పైరోనోలాక్టోన్, డాక్సీసైక్లిన్ అని ఎవరైనా చెబితే, పిల్లల కోసం చూస్తున్న సమయంలో అవి మీకు సరిపడవని గుర్తుంచుకోండి. అడాపలిన్ జెల్ కూడా అలాంటి సమయంలో సాధారణంగా వద్దంటాం. అజెలైక్ యాసిడ్ వంటి వాటికి వీలుంది, అదీ పరీక్షించి రాస్తేనే. ఏది మొదలుపెట్టినా ఫలితం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వారంలో ముఖం మెరిసిపోతోందంటే ఆ క్రీమును అనుమానించండి. మిమ్మల్ని చూడకుండా, ఉత్తరం మాత్రమే చదివి రాస్తున్న మాటలివి, దీన్ని మందుల చీటీగా తీసుకోకూడదు.

ప్రైవేటుగా చూపించుకోలేకపోతే వరంగల్ ఎంజీఎంలో చర్మవ్యాధుల ఓపీ, స్త్రీల సమస్యకు సీకేఎం ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లేటప్పుడు క్రీము ట్యూబు, క్యాప్సూల్ స్ట్రిప్పు, ప్రోటీన్ డబ్బా మీది పట్టీ ఫోటో, గత ఆరు నెలల నెలసరి తేదీలు పట్టుకెళ్లండి. ముఖానికి పౌడరు, ఫౌండేషన్ రాసుకోకుండా వెళ్లండి, గడ్డం మీద వెంట్రుకలు ఉంటే ఆ వారం థ్రెడింగ్ చేయించుకోకండి. మీరు సిగ్గుపడి తీసేసుకొని వచ్చేదే మాకు కనబడాల్సింది.

– చర్మవ్యాధి నిపుణులు, హనుమకొండ