ఇసుక ఎడారిలోకి దిగే ముందు ఫోర్ వీల్ డ్రైవ్ బండి టైర్లలో గాలి ఎందుకు తగ్గిస్తారు?

బండి ఇసుకలో దిగబడకుండా ఉండడానికే టైర్లలో గాలి తగ్గిస్తారు. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడికి కొలమానం) వరకూ ఉండే గాలిని మెత్తటి ఇసుకలో 15-18 పీఎస్‌ఐకి దించడం మామూలు. గాలి తగ్గితే టైరు నేలను తాకే మేర పెరిగి, అంతే బరువు ఎక్కువ చోటుకు సర్దుకుంటుంది కనుక చక్రం గొయ్యి తవ్వుకుంటూ కూరుకుపోకుండా ఇసుక మీదుగా సాగిపోతుంది. ఆస్ట్రేలియాలోని సింప్సన్ ఎడారి అంచున, బర్డ్స్‌విల్ దగ్గర, సుమారు 40 మీటర్ల ఎత్తున్న 'బిగ్ రెడ్' అనే ఇసుక దిబ్బ ఉంది. గాలి నిండుగా ఉన్న టైర్లతో దాని సగంలోనే చక్రాలు గిర్రున తిరుగుతూ ఆగిపోయే బండి, గాలి తీశాక అదే ఇంజనుతో పైకెక్కగలదు.

గాలి తీస్తే టైరు బాగా వెడల్పవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వెడల్పు పెరిగేది కొద్దిగానే. నేల మీద పడే టైరు అచ్చు ప్రధానంగా సాగేది పొడవులోనే, అందుకే సన్నటి టైర్లకు కూడా ఈ ఉపాయం పనిచేస్తుంది. అయితే ఆ గాలితోనే గట్టి రోడ్డెక్కి వేగంగా పోతే టైరు పక్కగోడలు అదేపనిగా వంగుతూ వేడెక్కి పగిలిపోవచ్చు కాబట్టి, సామానులో, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే ఖరీదైన వించి కన్నా ముందు చేరవలసినవి గాలి కొలిచే గేజీ, తిరిగి గాలి నింపే చిన్న కంప్రెసర్.