మేనకోడలి కారులో ఫోను

చిరంజీవి బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరుగా చేరుతున్నావట, హైదరాబాద్ నుంచి సూర్యాపేట, కోదాడ దాకా ఊళ్ళు తిరగాలట, అందుకని సెకండ్ హ్యాండ్‌లో వ్యాగన్ఆర్ కొన్నావట. మన ఇంట్లో ఆడపిల్ల తన సంపాదనతో కారు కొనడం ఇదే మొదలు. ఆ మాట వినగానే మీ అత్తయ్య వెళ్ళి దేవుడి దగ్గర దీపం వెలిగించింది. నేను కార్లకి స్టీరియోలు బిగించే మన షాపులో కుర్రాళ్ళందరికీ చెప్పుకున్నాను. చిన్నప్పుడు సెలవులకొచ్చి, నా స్టూలు మీద కూర్చుని టెస్ట్ ల్యాంప్ పట్టుకుని "మామయ్యా, ఈ వైరులో కరెంటుందా?" అని ప్రతి వైరూ గుచ్చి చూసేదానివి. ఇప్పుడు నీకే బండి వచ్చింది.

ఆ తర్వాత మీ అమ్మ ఇంకో మాట అంది. "హ్యాండ్స్‌ఫ్రీ పెట్టించుకుంటుందట అన్నయ్యా, దారి పొడుగునా ఆఫీసు పనంతా ఫోన్లోనే అయిపోతుందంటోంది" అని. దాంతో నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే షాపు తెరవకుండా కూర్చుని ఇది రాస్తున్నాను.

సీటు బెల్టు, టైర్లలో గాలి, స్టెపినీ, ఫాస్టాగ్‌లో డబ్బులు, ఇన్సూరెన్సు కాగితం, ఇవన్నీ నీకు తెలుసు. హైవే మీద బండి మొరాయిస్తే 1033కి, ప్రాణం మీదికొస్తే 112కి చెయ్యి. ఫోన్ చేత్తో పట్టుకుని మాట్లాడుతూ నడపడం తప్పని కూడా తెలుసు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 184వ సెక్షన్లో దాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి తెచ్చారు. జరిమానాతో పాటు జైలు కూడా రాసి ఉంది. నా దిగులు చేత్తో పట్టుకోకుండా కారు స్పీకర్లో మాట్లాడే ఈ హ్యాండ్స్‌ఫ్రీ ఫోను గురించి.

ముందు అదెలా పనిచేస్తుందో తెలుసుకో. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో కారు కిట్ అంటే డాష్‌బోర్డు మీద ఒక స్టాండు, అందులో నోకియా ఫోన్ గుచ్చాలి, అక్కణ్ణించి మైకుకో వైరు, స్పీకరుకో వైరు, యాంటెన్నాకో వైరు. కాల్ వస్తే స్టీరియో నోరు మూయించడానికి మ్యూట్ వైరని ఇంకోటి. ఫోన్ మారిస్తే స్టాండు మారాలి. కాంట్రాక్టర్లు, డాక్టర్లు తప్ప ఎవరూ పెట్టించుకునేవాళ్ళు కాదు. బ్లూటూత్ వచ్చాక ఆ వైర్లన్నీ పోయాయి. అది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే చిన్న రేడియో. ఫోనూ కారులోని స్టీరియో సెట్టూ ఒకసారి జత కలిశాక రెండూ కలిసి సెకనుకి 1600 సార్లు దాకా చానల్ మారుస్తూ మాట్లాడుకుంటాయి. అందుకే సిగ్నల్ దగ్గర నీ పక్కన పది కార్లు ఆగినా, వాళ్ళ ఫోన్లు నీ సెట్టులోకి చొరబడవు.

కాల్ నడిపేది మాత్రం నీ ఫోనే. సిమ్ము, టవరు సిగ్నలు అన్నీ దాని పని. సెట్టు నోరూ చెవీ మాత్రమే. కాబట్టి టవరు లేని చోట ఎంత ఖరీదైన సెట్టయినా ఏమీ చెయ్యలేదు. ఇంకో సంగతి, పాటలకీ కాల్‌కీ బ్లూటూత్‌లో దారులు వేరు. పాట ఒకవైపే వస్తుంది. కాల్‌లో మాట రెండువైపులా పోవాలి. అందుకే పాట నిండుగా వినిపించే స్పీకర్లోనే మనిషి గొంతు సన్నగా వస్తుంది, అది రిపేరు కాదు. పాటలు వస్తూ కాల్స్ రాకపోతే, ఫోన్లో బ్లూటూత్ సెట్టింగుల్లోకి వెళ్ళి, ఆ సెట్టు పేరు కింద కాల్స్ మీట ఆపేసి ఉందేమో చూడు. దీనికోసం మా షాపుకి గుడివాడ నుంచి కూడా వచ్చేవాళ్ళున్నారు.

కష్టమైన పనంతా మైకు దగ్గరే ఉంది. అవతలివాళ్ళ గొంతు నీ స్పీకర్లోంచి వచ్చి మళ్ళీ నీ మైకులోనే పడుతుంది. సెట్టులోని సర్క్యూట్ ఆ గొంతుని గుర్తుపట్టి తీసేసి, నీ మాట ఒక్కటే అవతలికి పంపాలి. వాల్యూమ్ మరీ పెంచితే స్పీకరు పగిలినట్టు మోగుతుంది, అప్పుడు సర్క్యూట్ ఆ గొంతుని పోల్చుకోలేదు, అవతలివాళ్ళకి వాళ్ళ మాటే తిరిగి వినిపిస్తుంది. అలా జరిగితే వాల్యూమ్ తగ్గించు, అద్దాలు ఎత్తు.

నీ బండిలో ఉన్నది బ్లూటూత్ లేని పాత స్టీరియో అని మీ నాన్న చెప్పాడు. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ చవకగా దొరుకుతుంది, కొనకు. దాని మైకు గేరు రాడ్ దగ్గర ఉంటుంది. ఇంజను రొద, ఏసీ గాలి అన్నీ దానికి ముందు వినిపిస్తాయి, నీ గొంతు ఆఖర్న. అవతలివాళ్ళు "ఆఁ? ఏంటీ?" అంటారు, నువ్వు కిందికి వంగి గట్టిగా చెప్తావు. ఆ వంగడం చూశాను నేను చాలామందిలో, చూసినప్పుడల్లా గుండె జారుతుంది. మంచి సెట్టు పెట్టించుకో, మైకు విడిగా వచ్చేది. ఆ మైకు నీ నోటికి ఎదురుగా, సన్‌వైజర్ పై అంచున గానీ స్టీరింగ్ కాలమ్ మీద గానీ ఉండాలి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ఎయిర్‌బ్యాగ్ మూత మీద ఫోన్ స్టాండు అతికించొద్దు. కంపెనీ వైరింగు ఎవరినీ కోయనివ్వకు, ఆ మోడల్‌కి కప్లరు, అంటే వైర్లు కోయకుండా కలిపే ప్లగ్గు, దొరుకుతుంది, అడిగి వేయించుకో. పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపుది తాళం తిప్పితే వచ్చేది, నలుపుది ఎర్తు. పసుపూ ఎరుపూ తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ సెట్టు అన్నీ మర్చిపోతుంది, నువ్వు రోజూ ఫోన్ జత చేసుకుంటూ కూర్చుంటావు. నీ కాంటాక్టులు సెట్టులోకి ఎక్కుతాయి కనక, రేపు బండి అమ్మినప్పుడు అవి చెరిపెయ్యడం మర్చిపోకు. బండిలో రైతుల్ని ఎక్కించుకున్నప్పుడు కాల్ వస్తే, పక్కన మనుషులున్నారని ముందే చెప్పు. స్పీకరుకి రహస్యాలు తెలియవు.

ఇక అసలు సంగతి.

మీ చిన్న మామయ్య కారు నడపడం ఎందుకు మానేశాడో నీకు ఎవరూ పూర్తిగా చెప్పలేదు. నువ్వప్పుడు స్కూల్లో ఉన్నావు. నూజివీడు మామిడి వ్యాపారం చేసే రోజులు. వాడి బండికి హ్యాండ్స్‌ఫ్రీ సెట్టు నేనే బిగించాను, నేను బిగించినవాటిల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. అవతలివాళ్ళకి వీడు కారులో ఉన్నాడని కూడా తెలిసేది కాదు.

ఆ రోజు ఇద్దరం నూజివీడు నుంచి వస్తున్నాం. హనుమాన్ జంక్షన్ దాటాం. పొద్దు పోయింది, చీకటి ఇంకా పూర్తిగా పడలేదు, లైట్లు వేసినా రోడ్డు మీద వెలుగు ఆనని వేళ. ఒక వ్యాపారి ఫోన్ చేశాడు, బాకీ లెక్క. పాత సరుకులో ఎంత పోయింది, కొత్త సరుకుకి ఎంత కట్టాలి, ఇదీ గొడవ. మీ మామయ్య చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. స్పీడు డెబ్బై దాటలేదు. తాగలేదు, నిద్రమత్తూ లేదు. చూసేవాళ్ళెవరైనా చక్కగా నడుపుతున్నాడనే అంటారు.

ముందు ఎడమ పక్కన వరిగడ్డి ట్రాలీ ఆగి ఉంది. ట్రాక్టరు టైరు పోయినట్టుంది. సగం రోడ్డు మీదే ఉంది. వెనక ఎర్ర స్టిక్కరు లేదు, లైటు లేదు. నాకు చాలా దూరం నుంచే కనపడింది. నేనేమీ అనలేదు, వాడూ అటే చూస్తున్నాడు కదా. తల కొంచెం కూడా తిప్పలేదు. దగ్గరయ్యాం. ఇంకా దగ్గరయ్యాం. అప్పుడు ఎందుకో వాడి కాలు చూశాను. యాక్సిలరేటరు మీద ఉన్న పాదం ఉన్నట్టే ఉంది, మడమ కూడా కదల్లేదు. ఒళ్ళు చల్లబడిపోయింది నాకు. "రేయ్, ట్రాలీ!" అని అరిచాను.

బ్రేకు కొట్టి కుడికి తిప్పాడు. ఎడమ లైటు, బంపరు, నా వైపు అద్దం పోయాయి. గడ్డి అంతా బానెట్ మీద పడింది. టైరు దగ్గర కూర్చుని బోల్టులు విప్పుతున్న కుర్రాడు బ్రేకు చప్పుడుకి పక్కకి దూకబట్టి బతికాడు. పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు. చేతిలో స్పానరు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. కారులో స్పీకరు మాత్రం ఆగలేదు. "ఆ, వింటున్నావా? అక్కడే తేడా వస్తోంది మనకి" అంటోంది.

మీ మామయ్య స్టీరింగు వదల్లేదు. నా వైపు తిరిగి, "అన్నయ్యా, నేను రోడ్డే చూస్తున్నాను. అది ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు బుజ్జీ. నేను పక్కనే ఉన్నాను, వాడు నిజంగానే అటే చూస్తున్నాడు. కళ్ళు ట్రాలీ మీద ఉన్నాయి, మనసు బాకీ లెక్కలో ఉంది. ఆ కుర్రాడి ఊరు కనుక్కుని తర్వాత వెళ్ళి చూసొచ్చాడు కూడా. ఇప్పటికీ సాయంత్రం పూట బండెక్కితే వెనక సీట్లోనే కూర్చుంటాడు.

ఇది మన ఇంట్లోనే జరిగిన వింత అనుకున్నాను చాలాకాలం. తర్వాత తెలిసింది, అమెరికాలో యూటా యూనివర్సిటీలో డేవిడ్ స్ట్రేయర్ అనే ఆయన దీని మీదే పరిశోధన చేశాడని. 2001లో ఆయనా ఇంకొకరూ కలిసి చేసిన ప్రయోగంలో, ఫోన్లో మాట్లాడుతున్నవాళ్ళు గమనించకుండా వదిలేసిన సిగ్నళ్ళు రెట్టింపయ్యాయి, పైగా చేత్తో పట్టుకున్నా హ్యాండ్స్‌ఫ్రీ అయినా తేడా లేదు. అదే యూనివర్సిటీవాళ్ళు 2008లో ఇంకోటి తేల్చారు. పక్క సీట్లో ఉన్నవాళ్ళతో మాట్లాడితే ఇంత నష్టం లేదట, ఎందుకంటే వాళ్ళూ రోడ్డు చూస్తుంటారు, లారీ వస్తే తమంతట తామే మాట ఆపుతారు, దారి చూపిస్తారు. ఫోన్లో ఉన్న మనిషికి నీ ముందున్న ట్రాలీ కనపడదు. నువ్వు ఊపిరి బిగపట్టినా వాళ్ళు మాట ఆపరు. 2015లో వచ్చిన ఇంకో పరిశోధనలో, కొన్ని కార్లలో నోటితో ఆదేశాలిచ్చి పని ముగించాక కూడా మనసు పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి 27 సెకన్ల దాకా పట్టిందట. గంటకి 80 కిలోమీటర్ల మీద ఆ సమయంలో నీ బండి 600 మీటర్లు పోతుంది.

చట్టం హ్యాండ్స్‌ఫ్రీని పట్టుకోదు కదా అని నువ్వనొచ్చు. చలానా రాకపోవచ్చు. నాకు చలానా భయం లేదు, ఆ ట్రాలీ భయం ఉంది. మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, మొన్న నార్కట్‌పల్లి దగ్గర ఫ్లైఓవర్ మీద నుంచి స్నేహితురాలి బండి నడుపుతూ మీ అమ్మతో ఫోన్లో అరగంట మాట్లాడావట. వినగానే నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. అంత తెలివైన పిల్లవి, ఎంత పని చేశావు! అరగంట ఏమిటమ్మా? మీ అమ్మ వంకాయ కూర సంగతి సూర్యాపేటలో టీ తాగుతూ వినకూడదా?

కాబట్టి సెట్టు పెట్టించుకో, వద్దనను. దారి చెప్పే మ్యాప్ గొంతు వినడానికి పనికొస్తుంది, అత్యవసరానికి పనికొస్తుంది. కాల్ వస్తే సెట్టు మీది మీట నొక్కి "బండిలో ఉన్నాను, ఆపి చేస్తాను" అను, పెట్టెయ్యి. అంతకు మించి ఏ కాల్‌కీ జవాబు చెప్పకు. ముఖ్యంగా డబ్బుల గొడవ, పై ఆఫీసరు చివాట్లు, పెళ్ళి సంబంధాల మాటలు, ఈ మూడూ నడుపుతూ వినొద్దు. వీటిల్లో మనసు పూర్తిగా పడిపోతుంది. సాయంత్రం వెలుగు తగ్గినప్పటి నుంచి చీకటి పడేదాకా ఫోన్లో డ్రైవింగ్ మోడ్ పెట్టి వదిలెయ్యి, అది మోగనే కూడదు. ఆ వేళలోనే ట్రాక్టర్లు పొలాల నుంచి హైవే ఎక్కుతాయి.

తిరిగి ఫోన్ చెయ్యడానికి రోడ్డు పక్కన మార్జిన్‌లో ఆపకు, అలా ఆగి ఉన్న బండిని కూడా వెనకవాడు చూడకపోవచ్చు. పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్లు దాటాక పక్కన చోటుంటుంది, దారి పొడుగునా పెట్రోలు బంకులున్నాయి, హోటళ్ళున్నాయి. లోపలికి తిప్పి, ఇంజను ఆపి, కాల్స్ అన్నీ ఒక్కసారే చేసుకో. మీ ఆఫీసరుకి చేరిన మొదటి రోజే చెప్పెయ్యి, బండి నడిపేటప్పుడు మాట్లాడనని, ఆపిన వెంటనే చేస్తానని. మొదటి రోజు చెప్తే పద్ధతి అంటారు, నెల తర్వాత చెప్తే సాకు అంటారు.

మన ఇంట్లోవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. మీ అమ్మకి ఇప్పటికే చెప్పాను, నువ్వు దారిలో ఉన్నావని తెలిస్తే చెయ్యదు, చేసినా "ఎక్కడున్నావు, ఆపాక చెయ్యి" అని పెట్టేస్తుంది. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, ఎంత చెడ్డ కబురైనా, నువ్వు బండి ఆపి దిగేదాకా నీకు ఎవ్వరం చెప్పం. ఇది నీకు మాటిస్తున్నాను. కాబట్టి మిస్డ్ కాల్ చూసి కంగారుపడి, నడుపుతూ తిరిగి చెయ్యాల్సిన పని నీకు ఉండదు.

వచ్చే శనివారం బండి తీసుకుని విజయవాడ వచ్చెయ్యి. మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకో, కోదాడలో ఇద్దరూ దిగి టిఫిన్ చెయ్యండి. సెట్టు నేను కొని ఉంచుతాను, డబ్బులిస్తానంటే మీ అత్తయ్య ఊరుకోదు. మైకు నేనే బిగిస్తాను, నువ్వు సీట్లో కూర్చుంటే నీ ఎత్తు చూసి పెట్టాలి. ఆ వ్యాగన్ఆర్ ఏ సంవత్సరం మోడలో మీ నాన్నని అడిగి నాకు ఈలోగా చెప్పు, కప్లరు ఆటోనగర్‌లో వెతికి పెడతాను.

ఇట్లు,
మీ పెద్ద మామయ్య
ఆటోనగర్, విజయవాడ