బెలూన్ వేశారంటే లోపల ఉండిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారి గుండె రక్తనాళంలో పూడిక ఉందని ఈ మధ్య ఆస్పత్రిలో ‘బెలూన్ వేశారు’. ఆ బూర లోపల పగిలిపోతుందేమోనని అమ్మ ఆయన్ని గట్టిగా దగ్గనివ్వడం లేదు. ఈ బెలూన్, పిల్లలు ఊదే బూర ఒకటేనా? దీన్ని తెలుగులో బుడగ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మీ అమ్మగారి భయం తీరాలి. ఆ బెలూన్ ఇప్పుడు మీ నాన్నగారి ఒంట్లో లేదు. మణికట్టు దగ్గరో తొడ మొదట్లోనో ధమనిలోకి సన్నని గొట్టం పంపి, దాని కొసన ముడుచుకుని ఉన్న బెలూన్‌ను పూడిక ఉన్న చోటికి చేర్చి, అక్కడ దాన్ని గాలితో కాక ద్రవంతో ఉబ్బిస్తారు. పూడిక నాళం గోడకు అణిగి దారి వెడల్పయ్యాక ఆ ద్రవాన్ని వెనక్కి లాగి, బెలూన్‌ను బయటికి తీసేస్తారు. 1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ గుండె ధమనికి మొదటిసారి చేసిన చికిత్స ఇదే. ఇప్పుడు చాలామందికి దానితోపాటు స్టెంట్ అనే సన్నని జాలీ గొట్టాన్ని కూడా అమరుస్తారు. లోపల ఉండేది అదే. మీ నాన్నగారికి అమర్చారో లేదో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, చూడండి.

ఈ భయానికి మూలం ‘వేశారు’ అన్న మాటలోనే ఉందని నాకనిపిస్తుంది. కట్టు వేశారన్నా, కుట్లు వేశారన్నా, వేసినది ఒంటి మీద నిలిచి ఉంటుంది కదా! ‘బెలూన్‌తో నాళం వెడల్పు చేశారు’ అని డాక్టర్లు చెబితే ఎన్నో ఇళ్లలో ఈ దిగులు ఉండదు.

ఇక మాట సంగతి. ఇటాలియన్‌లో ‘పల్లా’ అంటే బంతి, ‘పల్లోనే’ అంటే పెద్ద బంతి. బెలూన్ అన్న మాటకు మూలం అదే. ఇంగ్లీషులోనూ బెలూన్ అంటే మొదట గాలి నింపి ఆడుకునే పెద్ద తోలు బంతే. 1783లో ఫ్రాన్సులో మోంగోల్ఫియే సోదరులు వేడిగాలితో పెద్ద సంచిని ఎగరేశాక ఆ పేరు ఆకాశానికెక్కింది. రబ్బరు బూర తర్వాత వచ్చింది: 1824లో మైకేల్ ఫారడే హైడ్రోజన్ ప్రయోగాల కోసం రెండు రబ్బరు రేకుల అంచులు అతికించి సంచి చేశారు. హైదరాబాదు నుంచి టాటా పరిశోధనా సంస్థ పరికరాలు కట్టి పైకి వదిలే పాలిథిన్ సంచులూ బెలూన్లే.

తిరునాళ్లలో పిల్లవాడి చేతికిచ్చేదాన్ని బూర అనండి, బుడగ అనండి. గుండె చికిత్సకు మాత్రం బుడగ అనకపోవడమే మంచిది. మనకు బుడగ అనగానే తోచేది నీటిబుడగ, అంటే ఇట్టే పగిలిపోయేది. మంచంలో ఉన్న మనిషి దగ్గర ఆ మాట వద్దు. బెలూన్ అనే అనండి.