చిన్న విమానం మబ్బులోంచి ఎందుకు పోకూడదు?

నెల్లూరు మీదుగా పోయే చిన్న సెస్నా విమానం కార్తీకమాసపు మబ్బుల్లోంచి పోతే ఏమవుతుందని అడిగారు. వాన పెద్ద లెక్క కాదు, కంటికి ఏమీ కనపడకపోవడమే చిక్కు. మైపాడు తీరంలో ముసురు రోజు సముద్రం, ఆకాశం ఒకే బూడిదరంగులో కలిసిపోవడం చూశారా? ఆకాశం అంచున కనిపించే ఆ గీత చెరిగిపోతే, ఒంటి బ్యాలెన్స్ చూసుకునే లోపలి చెవి మోసం చేస్తుంది. విమానం పక్కకు ఒరిగి గిరగిరా దిగిపోతున్నా తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ పరీక్షలో, బయట ఏమీ కనపడకుండా చేస్తే, విమానంలోని మీటర్లు చూసి నడపడం రాని పైలట్లకు అదుపు తప్పడానికి సగటున 178 సెకన్లే పట్టింది.

ఉరుముల మబ్బును పైనుంచి దాటడమూ కుదరదు. సెస్నా 172 సుమారు 14,000 అడుగులే ఎక్కగలదు, ఆ మబ్బేమో 50,000 అడుగులు కూడా దాటొచ్చు. ముందే వెనక్కి తిప్పేసి, రేణిగుంటలోనో చెన్నైలోనో దిగి టీ తాగుతూ కూర్చోవడమే!